కుడి మోకాలి కట్టు

ఖోస్రో మోకాలు మొదట తెగింది కుస్తీలో కాదు, గొర్రెపోతు కింద. ఈ మాట ఊరు దాటకూడదని వస్తాద్ నూరుల్లా మా అందరి చేతా ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ ఒట్టుకు ఇంక కాపలా కాయాల్సిన పని లేదు కనక చెబుతున్నాను.

మా మాజందరాన్ పల్లెల్లో నాట్లు ముగిశాక లోచో కుస్తీలు పెడతారు. ఖాళీ మడిలో ఎండుగడ్డి పరుస్తారు. డప్పులూ సన్నాయిలూ మోగుతుంటాయి. పాదం తప్ప ఒంట్లో మరేది నేలకు తగిలినా వాడు ఓడినట్టే. గెలిచినవాడికి గొర్రెపోతునిస్తారు. దాన్ని భుజాల మీద వేసుకుని జనం ముందు ఒక చుట్టు తిరగాలి. ఇది పొలం పనులు చేసుకునే కుర్రాళ్ళ సరదా. దేశం తరఫున పరుపు మీద కుస్తీ పట్టాల్సిన ఖోస్రోకి అందులో ఏం పని? కానీ ఆ ఏడు కౌన్సిల్ ఎన్నికలొచ్చాయి. వస్తాదుగారు మాకు కుస్తీ నేర్పే తాలింఖానా పైకప్పు ఎప్పట్నుంచో కారుతోంది. పోటీకి నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన కొత్త రేకులు వేయిస్తానన్నాడు, ఖోస్రో గొర్రెపోతును ఎత్తుకుని తన పక్కన నిలబడితే చాలన్నాడు.

ఖోస్రో ఎదురొచ్చినవాళ్ళని ఆడుతూ పాడుతూ పడేశాడు. పోతును మెడ మీదికి ఎత్తుకున్నాడు. ఫోటోలు తీసేవాడికి అది చాల్లేదు. "ట్రాక్టరు తొట్టి ఎక్కి దూకు పహిల్వాన్, గాల్లో ఉండగా తీస్తా" అన్నాడు. వీడు దూకాడు. గాల్లో ఉండగా పోతు కాళ్ళు జాడించింది. కిందికొచ్చేసరికి ఎడమ పాదం గడ్డిలో నాటుకుపోయి అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం రెండో పక్కకి తిరిగిపోయింది. పచ్చి చెరుకుగడ విరిచినట్టు ఒక చప్పుడు. పక్కనున్న నాకు వినబడింది. అయినా వాడు పోతును వదల్లేదు, నవ్వు ఆపలేదు. ఆ ఫోటో ఇప్పటికీ మా ఊరి టీకొట్టులో నీళ్ళు కాగే సమోవార్ పైన వేలాడుతోంది. ఆ నవ్వులో పళ్ళు ఎంత బిగిసి ఉన్నాయో కాస్త దగ్గరికెళ్ళి చూస్తే తెలుస్తుంది. ఎవరూ వెళ్ళి చూడరు.

ఖోస్రో మా పెద్దమ్మ కొడుకు. చిన్నప్పుడు వాడి కింద పడి కుస్తీ నేర్చుకున్నాను, పెద్దయ్యాక వాడి కింద పడే కుస్తీ మానేసి బియ్యం మిల్లు పెట్టుకున్నాను. సారీ పట్నంలో డాక్టరు దగ్గరికి మిల్లు బండిలో తీసుకెళ్ళింది నేనే. వస్తాదుగారు ముందు సీట్లో కూర్చున్నాడు, ఖోస్రో వెనక కాలు చాపుకుని పడుకున్నాడు.

డాక్టరు ఫిల్మును వెలుతురుకి పెట్టి చూశాడు.

"మోకాలి నడుమ ముందు లిగమెంట్ అని ఒకటుంటుంది. తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే తాడు. అది పూర్తిగా తెగిపోయింది. తొడ వెనక స్నాయువు ఒకటి తీసి కొత్త తాడు వెయ్యాలి. వచ్చే ఏడు ఇదే కాలానికి మళ్ళీ కుస్తీ పట్టొచ్చు."

"సెలక్షన్ కుస్తీలు అయ్యాక వేయిస్తే?" అన్నాడు వస్తాదు.

"ఇతని తొడ చూశారా, చెట్టు మొదల్లా ఉంది. దాని బలం మీద నడుస్తాడు, పరిగెడతాడు, మెట్లెక్కుతాడు. తాడు లేదన్న సంగతి మోకాలే మర్చిపోతుంది. కానీ ఒక్కసారి గట్టిగా మెలి పడిందా, పక్క తాళ్ళు, నడుమ మెత్తటి బిళ్ళలు, అన్నీ ఒకేసారి పోతాయి." డాక్టరు ఖోస్రో వైపు తిరిగాడు. "అప్పుడు కుస్తీ కోసం నా దగ్గరికి రాకు. నడక కోసం రా."

తిరిగొచ్చే దారిలో బాబోల్ ఊరు దాటాక ఖోస్రో అన్నాడు, "వచ్చే ఏడు నాకు చోటెవడిస్తాడు?"

నిజమే. వాడి బరువులో ఒక ఛాంపియన్ ఏళ్ళ తరబడి తిష్ట వేసుక్కూర్చున్నాడు. వాడున్నన్నాళ్ళూ మావాడు రెండో వాడే. జట్టుతో ప్రయాణం చేస్తాడు, సాధనలో వాళ్ళ కింద పడతాడు, పోటీనాడు మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొడతాడు. ఈ వసంతంలో ఆ ఛాంపియన్ కుస్తీ మానేశాడు. ప్రపంచ పోటీలకి ఆ చోటు ఇప్పుడు ఖాళీ. మావాడికి ముప్ఫై దగ్గర పడుతోంది, వెనక పడుచు కుర్రాళ్ళు తొక్కుకుంటూ వస్తున్నారు. తలుపు ఇప్పుడు తెరిచి ఉంది, మళ్ళీ వాడి కోసం తెరుచుకోదు. ఇంత తెలిసినవాణ్ణి ఆపరేషన్ బల్లెక్కమని ఎవరు చెబుతారు? మేం చెప్పలేదు.

చెప్పింది ఒక్క తూబాయే. ఖోస్రో పెళ్ళాం. అది నారింజ తోటల్లో పని చేసే పిల్ల, నోరు నారింజ తొక్కంత చేదు. సెలక్షన్ కుస్తీలకి టెహరాన్ వెళ్ళే ముందు నేనూ వస్తాదుగారూ వాళ్ళింట్లో ఉన్నాం. వాకిట్లో ఆ గొర్రెపోతు కట్టేసి ఉంది. మొగుడు పతకం తెచ్చిననాడు గుమ్మంలో కొయ్యాలని దాన్ని దాచారు.

"చూడండి దాన్ని, ఎంత నిమ్మళంగా నెమరేస్తోందో" అంది తూబా టీ గ్లాసులు పెడుతూ. "నా మొగుడి కాలు మింగింది. అదే నెమరేస్తోంది."

"అశుభం మాట్లాడకమ్మా" అన్నాడు వస్తాదు, చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని.

ఆమె ఖోస్రో ముందు కూర్చుని తెల్లటి కట్టు బయటికి తీసింది. ఎడమ మోకాలి మీద మొదటి చుట్టు వేసింది.

"ఏ కాలుకి కడుతున్నావు?"

"దెబ్బ తగిలిన కాలికే వస్తాదుగారూ. మరి మీ మెడకి కట్టమంటారా?"

వస్తాదు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు. "గోదాలో కట్టు అంటే ఎదుటివాడికి మనం రాసిచ్చే చిరునామా. ఇదిగో, ఇక్కడ నొప్పి, ఇక్కడికి రా నాయనా అని. విప్పు. కుడి కాలికి కట్టు."

"కుడి కాలు బానే ఉందిగా?"

"అందుకే." ఆయన కళ్ళు మెరిశాయి. "వాడు కట్టు చూసి కుడి కాలు మీద పడతాడు. ఖోస్రో కుడి కాలు ఇనప గుంజ. దాన్ని పట్టుకోడానికి వంగినవాడు మెడ తెచ్చి వీడి చంకలో పెట్టినట్టే. ఎడమ కాలు వెనక ఉంటుంది, దాని జోలికి ఎవడూ రాడు."

తూబా కట్టు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. "మొన్న శుక్రవారం తాలింఖానాలో పిల్లల్ని కూర్చోబెట్టి మీరేం చెప్పారు? జవాన్‌మర్దీ అంటే, అసలైన మగతనమంటే కండలు కాదురా, దెబ్బ తగిలిన చోట చెయ్యి వేసేవాడు మగాడే కాదురా అన్లేదూ? మా అన్నకొడుకు ఇంటికొచ్చి పొల్లు పోకుండా అప్పజెప్పాడు."

"అది పిల్లలకి చెప్పేది."

"పెద్దవాళ్ళకి వేరే ఉందా?"

"ఉంది. టెహరాన్‌లో ఉంటుంది" అన్నాడు వస్తాదు.

ఖోస్రో అప్పుడు నోరు విప్పాడు. "చివర్న యూనెస్ తగిలితే వస్తాదూ?"

యూనెస్ కెర్మాన్‌షా వాడు. వాడి తాత అక్కడి పాత తాలింఖానాలో గద్దె మీద కూర్చుని డప్పు వాయించి, పద్యాలు పాడి వస్తాదులకి కసరత్తు చేయించిన మనిషి. యూనెస్ గురించి కుస్తీ ఊళ్ళన్నిటా ఒక కథ తిరుగుతుండేది. లీగు పోటీలో ఎదుటివాడి పక్కటెముక నొప్పెడుతోందని తెలిసి ఆ పక్క చెయ్యి వెయ్యకుండా పట్టాడట, ఆ కుస్తీ ఓడిపోయాడట. మా ఊళ్ళో వాడికి దర్వేషు, అంటే ఫకీరు, అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్ళం.

"నాటకం" అన్నాడు వస్తాదు. "ఆ వేళ కెమెరాలున్నాయి, పోయింది లీగు కుస్తీ. ప్రపంచ పోటీలో చోటు కళ్ళ ముందుంటే దర్వేషూ ఉండడు, గిర్వేషూ ఉండడు. వాడి స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావో చెప్పు."

ఖోస్రో కాసేపు ఆలోచించాడు. తర్వాత నవ్వాడు. "కట్టు మీదికే పోతా."

"మరింకేం?"

ఖోస్రో ఎడమ కాలు వెనక్కి లాక్కుని కుడి కాలు పెళ్ళాం ముందుకి చాపాడు. ఆమె ఎడమ కాలి చుట్టు విప్పి కుడి కాలికి కట్టింది. కట్టడం మాత్రం ఎంత శ్రద్ధగా కట్టిందంటే, నిజంగా గాయమే ఉన్నట్టు, చుట్టు చుట్టుకీ నెప్పి పుడుతుందేమోనని మొగుడి మొహం చూసుకుంటూ కట్టింది.

టెహరాన్‌లో వస్తాదుగారి లెక్క తప్పలేదు. మొదట వచ్చిన ఇస్ఫహాన్ కుర్రాడు ఈల ఊదగానే తెల్లకట్టు మీద గద్దలా వాలాడు. ఖోస్రో వాడి మెడ ఇరికించి, తిప్పి వెల్లకిలా వేశాడు. రెండోవాడు మాకు పొరుగువాడే, ఖాయెమ్‌షహర్ నుంచి వచ్చాడు, ఖోస్రో పెళ్ళిలో మా పక్కన కూర్చుని భోంచేసినవాడు. వాడూ అంతే. కుడి మోకాలికి తలతో గుద్దుతూ వచ్చాడు, ఖోస్రో నొప్పి పుట్టినట్టు మొహం పెట్టి మరీ లోపలికి లాగాడు. మెట్ల మీద మావాళ్ళు ఈలలు వేశారు. "నొప్పి భలే నటిస్తున్నాడ్రా!" అని నా వెనకెవరో అన్నారు. వస్తాదుగారు నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. చెప్పలేదూ మనుషులంతా ఒక్కటేనని? అన్నట్టు.

ఆఖరి కుస్తీకి యూనెస్సే వచ్చాడు.

పొట్టివాడు, మెడ లేదు, చెవులు రెండూ నలిగి మడతపెట్టిన రొట్టెల్లా ఉంటాయి. పరుపు అంచున వంగి వేళ్ళతో తాకి పెదాలకి ఆనించుకున్నాడు. ఖోస్రోతో చేతులు కలిపేటప్పుడు వాడి చూపు ఒక్కసారి కుడి మోకాలి మీదికి దిగి, గభాలున పైకొచ్చింది. పరాయి ఇంట్లో తలుపు తీసి ఉంటే చూడకుండా తల తిప్పుకుంటామే, అలా.

మొదటి సగం ఖోస్రోదే. యూనెస్ పైన చేతులు పెనవేసి తోస్తాడు, లాగుతాడు, కిందికి మాత్రం రాడు. ఒకసారి పట్టు జారి వాడి కుడిచెయ్యి నేరుగా తెల్లకట్టు మీద పడింది. అందరం చూశాం. మరొకడైతే అక్కడే బిగించి మీదికొచ్చేవాడు. వీడు నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు. ఆ జాగాలో ఖోస్రో వాణ్ణి అంచు దాటించి పాయింటు తీసుకున్నాడు.

సగం అయ్యాక విరామంలో ఖోస్రో మూలకొచ్చి తువ్వాలు మొహానికి అద్దుకున్నాడు. నేను నీళ్ళ సీసా అందించాను.

"వస్తాదూ, వాడు కుడి కాలు ముట్టుకోవట్లేదు."

"భయపడుతున్నాడు."

"భయం కాదు. చెయ్యి పడితే తీసేస్తున్నాడు. నిజంగానే తీసేస్తున్నాడు."

"మంచిదేగా! పాయింట్లలో ముందున్నావు. తీస్తే తియ్యనీ."

ఖోస్రో తువ్వాలు తీశాడు. వాడి మొహం నేనెప్పుడూ అలా చూడలేదు. "కుడి కాలు వదిలేస్తే వాడికి ఇంకేం మిగిలుంది వస్తాదూ?"

ఒక క్షణం వస్తాదు చూపు ఎడమ మోకాలి మీదికి పోయింది. తర్వాత వీపు మీద చరిచి, "ఎడమ కాలు వెనక్కి పెట్టుకో. దూరంగా ఉండు. కాలం గడిపెయ్యి" అన్నాడు. ఖోస్రో వెళ్ళాడు. నిజం ఒప్పుకుని పక్కకి తప్పుకోవచ్చు. గెలుస్తున్నవాడు పక్కకి ఎలా తప్పుకుంటాడు?

కాలం గడిచింది. ఇంక కాస్తే మిగిలిందనగా యూనెస్ కిందికి వచ్చాడు. శుభ్రమైన కుస్తీ. తల పక్కటెముకలకి ఆనించి, రెండు చేతులూ ఎడమ మోకాలి వెనక తాళం వేసి ఎత్తబోయాడు. వాడి లెక్కలో అది గట్టి కాలు. గట్టి కాలుకి పెట్టాల్సిన బలమంతా పెట్టాడు. ఏళ్ళ అలవాటు ఖోస్రో ఒంట్లో పనిచేసింది, ఎడమ పాదం నేలకి తన్ని పెట్టి నడుం తిప్పాడు.

ఈసారి చప్పుడు మెట్ల మీద ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

ఈల ఇంకా మోగలేదు, యూనెస్ అప్పటికే వదిలేశాడు. చేతులు పైకెత్తి "డాక్టర్! డాక్టర్!" అని అరిచాడు. మోకాళ్ళ మీద కూలబడి ఖోస్రో తల తన ఒళ్ళోకి తీసుకున్నాడు. డాక్టర్లు పరిగెత్తుకొచ్చి, కట్టు ఉన్నది కుడి కాలికి కనక, ముందు ఆ కట్టు కత్తిరించసాగారు. ఖోస్రో అరుస్తున్నాడు. "అది కాదు! అది కాదు!" వాళ్ళకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

సారీ పట్నం డాక్టరు రెండోసారి ఫిల్ము చూసి ఏమీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మూడు తాళ్ళు పోయాయి, లోపలి బిళ్ళ రెండు ముక్కలైంది. ఒక ఆపరేషన్ చేశాడు, ఇంకోటి ఉంటుందన్నాడు. "కర్ర లేకుండా నడుస్తాడా?" అని తూబా అడిగింది. "చల్లటి రోజుల్లో కర్ర కావాలి" అన్నాడు. మా మాజందరాన్‌లో ఏడాదిలో సగం వానే.

ఇక్కడ ఊళ్ళో కథ వేరేలా మొదలైంది. పేపరు వాళ్ళు అడిగినప్పుడు వస్తాద్ నూరుల్లా, "ఈల ఊదాక కూడా కాలు వదల్లేదు. మావాడి కాలు కావాలనే మెలేశాడు" అన్నాడు. ఎవడో ఫోన్లో తీసిన ముక్కను మెల్లగా తిప్పి, ముందూ వెనకా కోసి వదిలారు. అలా చూస్తే ఎవడు చేసిందైనా హత్యలాగే కనిపిస్తుంది. ఊరి మొదట్లో పెద్ద బ్యానరు కట్టారు: 'మా సింహాన్ని దొంగదెబ్బ తీశారు.' మా కుర్రాళ్ళు యూనెస్ నంబరు సంపాదించి, వాణ్ణీ వాడి తల్లినీ తాత సమాధినీ కలిపి తిట్టారు. జట్టులో చోటు వాడికే వచ్చింది కదా, తిట్లకి రుచి ఇంకా పెరిగింది.

ఖోస్రో ఇదంతా మంచం మీద పడుకుని విన్నాడు. ఒకసారి నేనే అడిగాను. "వాడు ముందే వదిలేశాడు కదరా?"

"వదిలేశాడు."

"మరి చెప్పవే?"

"చెబితే రెండోది కూడా చెప్పాలి" అన్నాడు గోడ వైపు తిరుగుతూ.

ప్రపంచ పోటీలకి బయల్దేరేముందు యూనెస్ మా ఊరొచ్చాడు. పెద్ద ప్రయాణానికి ముందు మనసులో ముల్లు ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి హలాల్ చెయ్యమని అడగడం మాలో ఉన్నదే. నాకు నీ మీద కోపం లేదు, వెళ్ళిరా అని అవతలివాడు నోటితో అనాలి. అనకపోతే పోయినచోట కాలు నిలవదంటారు. వాడొస్తున్నాడని వస్తాదుకి ముందే ఫోనొచ్చింది. ఆయన ఊరంతా పోగు చేశాడు. కెమెరా పట్టుకుని ఒక కుర్రాణ్ణి పిలిపించాడు. "చూద్దురుగాని, మా పహిల్వాన్ ఎంత పెద్దమనసుతో క్షమిస్తాడో" అన్నాడు. వాకిట్లో గొర్రెపోతును ఆ పూటే కోయించాడు.

"అది పతకానికి దాచింది" అంది తూబా.

"ఇంక పతకం ఏముందమ్మా? పేరైనా రానీ."

యూనెస్ ఒక్కడే వచ్చాడు. చేతిలో కెర్మాన్‌షా బియ్యప్పిండి బిస్కట్ల పెట్టె. బియ్యం పండించే ఊరికి బియ్యప్పిండి తెచ్చాడని కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. వాడు ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా వచ్చి ఖోస్రో మంచం పక్కన తివాచీ మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మంచం మీద ఇనప పట్టీల మధ్య చాపి ఉన్న ఎడమ కాలు వాడి కళ్ళకి ఎదురుగా ఉంది.

"అన్నా, నేను ఈల వినలేదేమో. నాకు గుర్తు లేదు. వెంటనే వదిలాననే అనుకున్నాను. కానీ ఇంతమంది చెబుతున్నారు, ఆ వీడియో కూడా చూశాను. చూసి చూసి ఇప్పుడు నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. నీ కుడి మోకాలు నొప్పిగా ఉందని తెలుసు, దేవుడి సాక్షిగా దాని జోలికి రాలేదు. మంచి కాలు కదా అని ఎడమ కాలు మీదికొచ్చాను. మంచి కాలు కూడా నేనే పాడు చేశాను. నన్ను హలాల్ చెయ్యి అన్నా."

కెమెరా కుర్రాడు ముందుకి జరిగాడు. బయట నిప్పుల మీద మాంసం చిటపటలాడుతోంది.

"చేశాడు, చేశాడు!" అన్నాడు వస్తాదు గట్టిగా. "మావాడి మనసు సముద్రం. తూబా, టీ తీసుకురామ్మా!"

తూబా కదల్లేదు. గుమ్మానికి ఆనుకుని మొగుడినే చూస్తోంది.

ఖోస్రో మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. "నన్ను అడక్కు యూనెస్. కుడి కాలికి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. ముందు తెగింది ఈ ఎడమ కాలే. సెలక్షన్‌కి ముందే. నువ్వు వదిలేశావు, ఈల కన్నా ముందే వదిలేశావు. అది ఇక్కడ అందరికీ తెలుసు."

"మందుల మత్తు" అన్నాడు వస్తాదు. "ఒరేయ్, ఆ కెమెరా ఆపు!"

యూనెస్ అర్థం కానట్టు ఒక కాలు చూశాడు, రెండో కాలు చూశాడు. వాడి పెదాలు కదిలాయి, లెక్క కూడుకుంటున్నవాడిలా.

"మరి కట్టు కుడి కాలికి ఎందుకు కట్టావు?"

ఖోస్రో తల దించుకున్నాడు.

"అంటే..." యూనెస్ మెల్లగా అన్నాడు. "కట్టు చూసి దాని మీదే పడతానని." ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. "ఇన్నేళ్ళుగా ఒకే పరుపు మీద చెమట కార్చాం. ఒకే శిబిరంలో ఒకే కంచంలో తిన్నాం. నేను అలాంటివాణ్ణని అనుకున్నావా అన్నా?"

"అందరూ అంతే అనుకున్నా" అన్నాడు ఖోస్రో. "నేనూ అంతే. నువ్వు నన్ను హలాల్ చెయ్యి."

యూనెస్ లేచి నిలబడ్డాడు. మంచం మీది కాలుని ఇనప పట్టీ పక్కన రెండు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు పెదాలకి ఆనించుకున్నాడు. పరుపుని తాకినట్టే.

"మోకాలికి హలాల్" అన్నాడు. "నన్ను అలాంటివాణ్ణని అనుకున్నందుకు మాత్రం కాదు. అది నా వల్ల కాదు."

తూబా అప్పుడు టీ తెచ్చింది. వాడు గ్లాసు ముట్టుకోలేదు. బయట పళ్ళేల్లో మాంసం వడ్డిస్తున్నారు, ఆగమని ఎవరో చెయ్యి పట్టుకున్నారు. మెత్తగా విడిపించుకుని వెళ్ళిపోయాడు. మా ఊరి ఉప్పు తినకుండా వెళ్ళినవాణ్ణి నేను వాణ్ణొక్కణ్ణే చూశాను. జనం కాసేపు మొహాలు చూసుకుని, తర్వాత కూర్చుని తిన్నారు. కోసిన మాంసం పారేస్తామా? "పోతు ముదిరింది, కాస్త గట్టిగా ఉంది" అన్నాడు వస్తాదు ఎముక చీకుతూ.

ఆ మర్నాటి నుంచి ఊరి కోపం ఖోస్రో మీదికి మళ్ళింది. మోసం చేసినందుకు కాదు, ఊరందరి ముందు ఒప్పుకున్నందుకు. బ్యానరు దించేశారు. తూబా దాన్ని తెచ్చి కోళ్ళ గూటి మీద కప్పింది, సింహం మొహం లోపలి వైపుకి వచ్చేలా. తాలింఖానాకి రేకులు వచ్చాయి గానీ సగం కప్పుకే సరిపోయాయి. ఆ పెద్దమనిషి ఎన్నికల్లో గెలిచాడు, మళ్ళీ కనబడలేదు. రేకులున్న సగం కింద వస్తాదుగారు పిల్లలకి శుక్రవారం శుక్రవారం జవాన్‌మర్దీ గురించి చెబుతూనే ఉన్నాడు.

ప్రపంచ పోటీలు కోతల తర్వాత వచ్చాయి. యూనెస్ కుస్తీ ఉందని తెలిసి సాయంత్రం ఊరంతా టీకొట్టులో చేరింది. మొన్న తల్లిని తిట్టిన నోళ్ళే ఇప్పుడు మన యూనెస్ అంటున్నాయి, పరాయి దేశం వాడితో కదా కుస్తీ. ఖోస్రో వస్తాడని నేననుకోలేదు. తూబా కారులో దింపింది. ఆడవాళ్ళు లోపలికి రారు కనక తను బయటే కారులో కూర్చుంది. వాడు కర్ర ఊతంతో వచ్చి, తన ఫోటో కిందే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమని కుర్చీ జరిపాను. వంగని కాలుకి కుర్చీ కన్నా గోడే నయమన్నాడు.

సెమీఫైనల్. ఎదుటివాడు ఆజానుబాహువు. వాడి కుడి మోకాలికి, లాగు అంచు నుంచి పిక్క దాకా, తెల్లటి కట్టు.

కొట్టులో ఎవరో గొణిగారు, "అయిపోయింది. మన దర్వేషు దాన్ని ముట్టుకోడు."

"ఓడతాడు, చూడండి" అన్నాడు వస్తాదు.

చేతులు కలిపేటప్పుడు యూనెస్ చూపు కట్టు మీదికి దిగింది. నేను ఖోస్రో వైపు చూశాను. వాడు కర్ర రెండు చేతులతో పట్టుకుని ముందుకి వంగాడు. యూనెస్ చూపు ఈసారి పైకి రాలేదు. అక్కడే నిలిచింది. కొలిచింది.

ఈల మోగింది. యూనెస్ తిన్నగా తెల్లకట్టు మీద పడ్డాడు. భుజంతో గుద్ది, రెండు చేతులూ దాని వెనక తాళం వేసి, మెలిపెట్టి ఎత్తాడు. ఆ భారీ మనిషి నోరు తెరిచి పడిన తీరు చూస్తే తెలిసిపోయింది, అది నిజం కట్టే. నటన కాదు. కాసేపటికి వాణ్ణి మోసుకుపోయారు. తీర్పరి యూనెస్ చెయ్యి పైకెత్తాడు. వాడు నవ్వలేదు. పరుపు దిగేటప్పుడు వంగి తాకలేదు.

టీకొట్టు కప్పు ఎగిరిపోయేలా అరిచారు మావాళ్ళు. గ్లాసులు పగిలాయి. ముసలివాళ్ళు కూడా చేతులు తిప్పుతూ గెంతారు. వస్తాద్ నూరుల్లా కళ్ళు తుడుచుకున్నాడు. "ఇప్పుడయ్యాడురా పహిల్వాన్! ఇప్పుడు నేర్చుకున్నాడు!" అని నా భుజం పట్టుకుని ఊపాడు.

ఖోస్రో అప్పటికే బయటికి నడుస్తున్నాడు. వెనకే వెళ్ళాను. సన్నగా తుంపర పడుతోంది. కారు తలుపు తీసి, ముందు కర్ర లోపల పెట్టి, తర్వాత రెండు చేతులతో ఎడమ కాలు ఎత్తి లోపల పెట్టుకుని, ఆఖర్న తను కూర్చున్నాడు. లోపల్నుంచి అరుపులు ఇంకా వినబడుతున్నాయి.

"గెలిచాడా?" అంది తూబా.

"గెలిచాడు."

"కాలు ముట్టుకోకుండానేనా?"

ఖోస్రో తలుపు వేసుకున్నాడు. అద్దం సగం దించి ఉంది కనక వాడన్న మాట నాకూ వినబడింది.

"మన ఊరివాడిలా గెలిచాడు. పోనీ బండి."